ఎడమ కిటికీలో ఉత్తర తెలంగాణ

ఛుట్టీ మీద ఇంటికొచ్చే గల్ఫ్ కార్మికుడికి, కాశీకి పోయే ముసలివాళ్లకు విమానం కిటికీలోంచి మన నేల ఎట్లా కనిపిస్తుంది?

దుబాయి నుంచి హైదరాబాద్‌కు రెండున్నర వేల కిలోమీటర్లు, అటూ ఇటూగా మూడున్నర గంటల ప్రయాణం. విమానం వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగుతూ వస్తుంది కాబట్టి దారి పొడవునా ఎడమ చేతి కిటికీలు ఉత్తరం వైపు తిరిగి ఉంటాయి. హుస్నాబాద్, కోహెడ, వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, నిర్మల్, ఆదిలాబాద్ అన్నీ ఆ పక్కనే. ఛుట్టీ అయిపోయి మళ్లీ విమానం ఎక్కినప్పుడు అవే ఊళ్లు కుడి చేతికి మారతాయి. టికెట్ మీద ఈ ముక్క ఎవరూ రాయరు. కౌంటర్లో ఇచ్చిన సీటు పుచ్చుకుని, ముగ్గురి మధ్య ఇరుక్కుని, పక్కవాళ్ల భుజం మీదుగా మెడ చాచి చూసేవాళ్లే ఎక్కువ.

విమానం కిటికీ గురించి లోకంలో వచ్చిన రాతలు చాలావరకు విహారయాత్రలకు పోయేవాళ్లవి. వాళ్లకు సెలవంటే ఇల్లు వదిలి పోవడం. పోయేటప్పుడు కింద కొత్త దీవి, కొత్త కొండ కనిపిస్తాయి. తిరిగొచ్చేటప్పుడు రేపటి ఆఫీసు కనిపిస్తుంది. మన దగ్గర ఈ లెక్క తిరగబడింది. రెండేళ్లు కొలువు, రెండు నెలలు ఇల్లు. వచ్చేదే పండుగ, పోయేదే పని. పైగా వచ్చేవాళ్లలో చాలామంది పుట్టుకతో రైతులు. బోర్లు ఎండి, అప్పు పెరిగి, పొలం గట్టు దిగి విమానం మెట్లు ఎక్కినవాళ్లు. అందుకే కిటికీలోంచి వాళ్లు చూసేది అందం కాదు. నీళ్లు.

మా హుస్నాబాద్ మెట్ట ప్రాంతం. పెద్ద నది ఏదీ దగ్గర లేదు. ఎల్లమ్మ చెరువు, శనిగరం ప్రాజెక్టు, ఊరూరా కుంటలు, వాటి మీద ఆశ. ఇట్లాంటి చోటు నుంచి పోయిన మనిషి రెండేళ్ల తర్వాత ఇంటికి ఫోన్ చేస్తే రెండో మాటో మూడో మాటో "చెరువు నిండిందా?" అనే ఉంటుంది. విమానం కిందికి దిగుతున్నప్పుడు ఆ ప్రశ్నకు తన కళ్లతో తనే జవాబు వెతుక్కుంటాడు.

బొంబాయి దాటి

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఉత్తర తెలంగాణ పల్లెలు తరాల తరబడి బతుకు వెతుక్కున్న మూడు దిక్కులు ఇవి. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాల పని జోరందుకున్నప్పుడు మనవాళ్లకు ఆ తలుపు బొంబాయిలోనే తెరుచుకుంది. జగిత్యాల, కోరుట్లల నుంచి బస్సెక్కి, లేదా నిజామాబాద్‌లో రైలు పట్టుకుని బొంబాయి చేరేవాళ్లు. ఏజెంటు చూపించిన గదిలో పదిమందితో కలిసి పడుకుని, వీసా కాయితం కోసం వారాలు, ఒక్కోసారి నెలలు ఎదురుచూసేవాళ్లు. తిరిగొచ్చినా దిగేది బొంబాయిలోనే. విమానం కిటికీలో కనిపించిన భారతదేశమంటే విమానాశ్రయం గోడను ఆనుకున్న రేకుల ఇళ్లు. సొంత నేల చూడాలంటే మళ్లీ ఒక రాత్రి బస్సు కిటికీలోనో, రైలు కిటికీలోనో కూర్చోవాల్సిందే.

తర్వాత హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయం వంతు వచ్చింది. అక్కడ విమానం ఇళ్ల కప్పుల మీదుగా, మిద్దెల మీద ఆరేసిన బట్టలు లెక్కపెట్టేంత కిందుగా దిగేది. 2008 మార్చి 23న రాకపోకలు శంషాబాద్‌కు మారాయి. ఊరి నడుమ దిగే కాలం పోయి, రాళ్లగుట్టలు, చెరువులు, పడావు భూముల మీదుగా దిగే కాలం వచ్చింది. గల్ఫ్ మనిషికి ఇంటి నేల మొదటిసారి పైనుంచి పగటి వెలుగులో నిదానంగా కనిపించింది అప్పుడే అంటాను నేను.

ఒక మార్పు కిటికీకి సంబంధించింది కాకపోయినా చెప్పాలి. ఒకప్పుడు విదేశానికి పోయే ప్రతి భారతీయుడూ బయల్దేరే ముందు ఒక కార్డు నింపాలి. అక్షరం రానివాళ్లు పక్కవాళ్లకు పాస్‌పోర్టు చాపి "అన్నా, జర నింపిస్తవానె" అని అడిగేవాళ్లు. 2017 జూలై 1 నుంచి ఆ కార్డు తీసేశారు. ఎవరినీ బతిమాలకుండా ముందుకు పోయే వీలు దొరికింది.

వచ్చేటప్పుడు

పగటి విమానమైతే దుబాయి నుంచి లేచిన కాసేపటికే అంతా కనిపిస్తుంది. సముద్రంలో ఇసుక పోసి ఖర్జూరపు చెట్టు ఆకారంలో కట్టిన పామ్ జుమైరా, 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా. టూరిస్టులు ఫొటో తీసుకునే ఈ దృశ్యాన్ని మనవాడు వేరే కన్నుతో చూస్తాడు. ఏ రోడ్డుకు తను తారు పోశాడో, ఏ బిల్డింగుకు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం సెంట్రింగ్ కట్టాడో పైనుంచి వెతుక్కుంటాడు. మనవాళ్ల చేయి పడని వీధి ఆ ఊళ్లల్లో తక్కువే. కార్మికుల క్యాంపులున్న సోనాపూర్ మాత్రం ఏ పోస్టుకార్డు మీదా ఉండదు. పైనుంచి చూస్తే బూడిదరంగు గళ్లు, అంతే.

తర్వాత హజర్ పర్వతాలు. ఒక్క పచ్చని మొక్క కూడా లేని, ఎముకలు తేలిన కొండలు. ఒమాన్‌లో ఈ వరసలోని అన్నిటికన్నా ఎత్తైన శిఖరం దాదాపు 3 వేల మీటర్లు. అవి దాటితే గల్ఫ్ తీరంలోని లేత ఆకుపచ్చ నీళ్లు పోయి అరేబియా సముద్రపు ముదురు నీలం మొదలవుతుంది. పర్షియన్ గల్ఫ్ లోతు తక్కువ, సగటున 50 మీటర్లు కూడా ఉండదు. అందుకే అడుగున ఉన్న ఇసుక వెలుగు పైకి తేలి ఆ రంగు వస్తుంది.

రియాద్ నుంచి వచ్చేవాళ్లకు ఇంకో వింత కనిపిస్తుంది. ఎడారి మధ్యలో వరసగా పచ్చని గుండ్రాలు. నడుమ బోరు వేసి, దాని చుట్టూ చక్రాల మీద పొడవాటి గొట్టం తిప్పుతూ నీళ్లు చల్లుతారు. పంట గుండ్రంగా పండుతుంది. సౌదీ ఇట్లానే భూగర్భ జలాలు తోడి గోధుమలు పండించింది. వేల ఏళ్లుగా దాచి ఉన్న నీళ్లు అడుగంటుతున్నాయని తెలిసి 2008లో వెనక్కి తగ్గడం మొదలుపెట్టి, 2016 నాటికి దేశీయ గోధుమల కొనుగోలు ఆపేసింది. బోరు మీద బోరు వేసి మునిగిన హుస్నాబాద్ రైతుకు ఆ గుండ్రాలు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రాజుల దేశమైనా బోరు బోరే.

సముద్రం మీద దాదాపు రెండు గంటలు చూసేందుకేం ఉండదు. రాత్రి విమానమైతే ముంబై తీరానికి 160 కిలోమీటర్ల ముందు బాంబే హై చమురు బావుల మంటలు చీకట్లో మెరుస్తాయి. అవి కనిపించాయంటే ఇండియా వచ్చినట్టే. దుబాయి–హైదరాబాద్ గీత ముంబైకి కాస్త ఉత్తరంగా నేల మీదికి ఎక్కుతుంది. వానాకాలంలో పడమటి కనుమల మీద మబ్బులు గోడ కట్టి నిలబడతాయి. విమానం కుదుపులకు లోనవుతుంది, బెల్టు దీపం వెలుగుతుంది. ఆ గోడ దాటగానే మబ్బు పలచబడి మరాఠ్వాడా మెట్ట కనిపిస్తుంది. కనుమలు వాన అంతా తమ మీదే కురిపించుకుని అవతలివాళ్లకు మిగిలింది ఇస్తాయి. ఆ మిగులే మన తెలంగాణకూ వచ్చేది.

ఇప్పుడు ఎడమ కిటికీ. మబ్బు లేని రోజున, ఔరంగాబాద్‌కు దక్షిణాన దూరంగా ఒక పెద్ద నీటి పలక మెరుస్తుంది. అది పైఠాణ్ దగ్గర గోదావరి మీద కట్టిన జాయక్‌వాడి. అక్కడ వదిలిన నీళ్లే నాందేడ్ మీదుగా, బాబ్లీ దాటి మన పోచంపాడుకు, అంటే శ్రీరాంసాగర్‌కు రావాలి. జాయక్‌వాడి నిండకపోతే శ్రీరాంసాగర్ ఎదురుచూపులతోనే ఉంటుంది. నిర్మల్, ఆర్మూర్, జగిత్యాల మనిషి చూడవలసిన మొదటి చెరువు ఇదే. ఇంటికి ఇంకా గంట దూరం ఉండగానే ఈ ఏటి పంట సంగతి అక్కడ సగం తెలిసిపోతుంది.

లాతూర్, బీదర్ దగ్గరకు వచ్చేసరికి ఇంజన్ల చప్పుడు మారుతుంది. 35 వేల అడుగుల నుంచి దిగాలంటే దాదాపు 200 కిలోమీటర్ల ముందే దించడం మొదలుపెట్టాలి. చెవులు పట్టేస్తాయి. కింద నేల రంగు మారుతుంది. నల్లరేగడి అక్కడక్కడ తెగిపోయి జహీరాబాద్ వైపు ఇటుకరంగు ఎర్రమట్టి వస్తుంది. ఎడమన మంజీరా మీద సింగూరు, తర్వాత వికారాబాద్ అడవి, ఆ వెనక శంకర్‌పల్లి, చేవెళ్ల తోటలు. సెప్టెంబర్, అక్టోబర్లలో వస్తే ఈ దారంతా పత్తి, మక్కజొన్న పచ్చదనం. జనవరిలో వస్తే యాసంగి నాట్ల కోసం దున్ని నీళ్లు పెట్టిన మళ్లు పైనుంచి అద్దపు ముక్కల్లా తళుక్కుమంటాయి. మే నెలలో అంతా మాసిన గోనెసంచి రంగు, కుంటల నడుమ ఎండి పగిలిన బురద మచ్చలు. చూస్తే గుండె జారుతుంది. కానీ చాలామంది టికెట్ దొరికేది అప్పుడే. దసరాకు, సంక్రాంతికి ఛార్జీలు ఆకాశంలో ఉంటాయి.

శంషాబాద్ రన్‌వేలు తూర్పు–పడమర దిక్కులో ఉన్నాయి. పెద్దది 4,260 మీటర్లు. గాలికి ఎదురుగా దించడం విమానాల పద్ధతి. చలికాలంలో తూర్పు గాలి ఉంటే పడమటి నుంచి నేరుగా దిగుతాయి. అప్పుడు ఎడమ కిటికీలో హిమాయత్‌సాగర్, దాని వెనక గండిపేట, ఆ వెనక గచ్చిబౌలి అద్దాల మేడలు వస్తాయి. 1908 మూసీ వరద తర్వాత ఊరు మళ్లీ మునగకుండా కట్టినవి ఆ రెండు చెరువులూ. గండిపేట 1920లో పూర్తయింది, హిమాయత్‌సాగర్ 1927లో. వానాకాలంలో పడమటి గాలి వీస్తుంటే విమానం ఊరి మీదుగా చుట్టు తిరిగి తూర్పు నుంచి దిగుతుంది. అప్పుడు ఉత్తరం కుడి కిటికీలోకి పోతుంది. ఈ ఒక్కచోట మాత్రం ఎడమ సీటువాళ్లు ఓడిపోతారు.

లెక్కలో ఉంది, కంటికి లేదు

హుస్నాబాద్ కనిపిస్తుందా? ఈ ప్రశ్నకు భూగోళం లెక్క ఒక జవాబిస్తుంది, కళ్లు ఇంకో జవాబిస్తాయి. 11 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేలా ఆకాశమూ కలిసే గీత దాదాపు 370 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దిగేటప్పుడు 3 కిలోమీటర్ల ఎత్తుకు వచ్చినా ఇంకా 195 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి హుస్నాబాద్‌కు కాకి ఎగిరే దూరం సుమారు 130. కాబట్టి లెక్క ప్రకారం హుస్నాబాద్ కిటికీలో ఉంది. కానీ నగరం పొగ, పొలాల దుమ్ము, గాలిలోని తేమ కలిసి అంత దూరాన్ని మింగేస్తాయి. నేల అంచు దగ్గర తెల్లని పొర ఒకటి కనిపిస్తుంది. మన ఊరు ఆ పొరలోనే ఉంది.

ఊరును నిజంగా చూసే అదృష్టం గల్ఫ్ పోయేవాళ్లకు కాదు, కాశీ పోయేవాళ్లకు దక్కింది. మ్యాపు మీద హైదరాబాద్ నుంచి వారణాసికి స్కేలు పెట్టి గీత గీయండి. అది సిద్దిపేట మీదుగా, కరీంనగర్ మీదుగా, ఎల్లంపల్లి దగ్గర గోదావరి దాటి, మంచిర్యాల వెనక అడవుల మీదుగా పోతుంది. విమానం రోజూ గీత మీదే పోవాలని లేదు. వాతావరణం, రద్దీ చూసి పక్కకు తిప్పుతారు. అయినా ఈ చుట్టుపక్కలే పోతుంది. పోయేటప్పుడు కుడి పక్క, వచ్చేటప్పుడు ఎడమ పక్క కూర్చుంటే ఉత్తర తెలంగాణ అంతా ఒక పటంలా కింద పరుచుకుంటుంది.

వానలు వెనకబట్టిన అక్టోబర్ పొద్దున చూడండి. సిద్దిపేట పక్కన రంగనాయకసాగర్, దానికి ఇవతల 50 టీఎంసీల మల్లన్నసాగర్. కుడి వైపు ముప్పయి కిలోమీటర్ల దూరంలో గుట్టల నడుమ హుస్నాబాద్. అక్కన్నపేట వైపు 8.23 టీఎంసీల గౌరవెల్లి రిజర్వాయర్. ముందుకు పోతే మిడ్ మానేరు, ఆ తర్వాత కరీంనగర్‌ను ఆనుకుని లోయర్ మానేరు. ఊరిని ఆనుకుని అంత పెద్ద నీళ్లు ఉండడం పైనుంచి చూస్తే భయమేస్తుంది కూడా. కరీంనగర్ చుట్టూ గుట్టలు మాత్రం మెట్లు మెట్లుగా కోసిన తెల్లని గాయాలతో కనిపిస్తాయి. అక్కడి గ్రానైట్ చైనా దాకా పోయింది. గుట్ట మళ్లీ మొలవదు. ఇంకొంత దూరం పోతే రామగుండం ఎన్టీపీసీ పొగ గొట్టాలు, గోదావరిఖని ఓపెన్‌కాస్టుల నల్లని గుంతలు. బొగ్గుబాయి అంటే ఒకప్పుడు నేల కింద ఉండేది. ఇప్పుడది ఆకాశంలోంచి కనిపిస్తుంది.

ఢిల్లీ విమానానిది ఇంకో దారి. అది నిజామాబాద్ మీదుగా పోతుంది కాబట్టి కుడి పక్కవాళ్లకు పోచంపాడు కనిపిస్తుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. అటు దూరంగా ఆదిలాబాద్ అడవుల అంచు. మా కరీంనగర్‌వాళ్లకు ఆదిలాబాద్ అంటే ఎప్పుడూ గోదావరి అవతల. పైనుంచి చూస్తే అవతల, ఇవతల అని ఏమీ లేదు. నడుమ ఒక సన్నని ఇసుక చార, అంతే.

ఏమేం మారింది

గల్ఫ్‌లో ఎక్కువ కాలం ఉండిపోయినవాళ్లకు కిటికీలోని నేల గుర్తుపట్టరానిది అవుతుంది. సిరిసిల్ల జిల్లావాళ్లు ఐదుగురు ఒక హత్య కేసులో దుబాయి జైల్లో 18 ఏళ్లకు పైగా ఉన్నారు. 2024 ఫిబ్రవరి నాటికి అందరూ ఇల్లు చేరారు. వాళ్లు జైలుకు పోయినప్పుడు శంషాబాద్‌లో విమానాశ్రయమే లేదు. తెలంగాణ రాష్ట్రం లేదు. వాళ్ల జిల్లా పేరు కరీంనగర్. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడు రాత్రిపూట అదే హైదరాబాద్‌కు దీపాల మొలతాడు. అప్పట్లో మిడ్ మానేరులో నీళ్లు లేవు, ఆ చోట ఊళ్లు ఉన్నాయి. పుట్టిన నేల మీద పరదేశిలా దిగడమంటే ఇదే.

నీళ్లు పెరిగాయన్నది పైనుంచి ఎవరికైనా కనిపించే నిజం. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుంది. 2019 జూన్ 21న కాళేశ్వరం ప్రారంభమైంది. 2023 అక్టోబర్‌లో అందులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగి ఆ కథ ఇంకో మలుపు తిరిగింది. ఏది ఎంత ఖర్చుతో వచ్చింది, ఏది నిలిచింది అన్న వాదన కింద నడుస్తూనే ఉంది. కిటికీకి ఆ వాదన తెలియదు. అది నీలం రంగును మాత్రమే చూపిస్తుంది. నీలం కింద ఏముందో చూపించదు.

గౌరవెల్లి కింద గుడాటిపల్లి ఉంది. 1.41 టీఎంసీలకు మొదట అనుకున్న రిజర్వాయర్‌ను 8.23కి పెంచినప్పుడు ఆ ఊరు, తండాలు మునకలోకి వచ్చాయి. పరిహారం కోసం నిర్వాసితులు ఏళ్ల తరబడి కొట్లాడారు. మెట్ట హుస్నాబాద్‌కు నీళ్లు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ఊరి నుంచి దుబాయి పోయిన మనిషిని అడిగి చూడండి. పైనుంచి చెరువు నిండి కనిపిస్తే అందరూ చప్పట్లు కొడతారు. అతనికి మాత్రం ఆ నీళ్ల నడుమ తన వాకిలి ఎక్కడుండేదో గుర్తొస్తుంది. ప్రాజెక్టుల గురించి గర్వంగా మాట్లాడే మనమందరం ఈ చూపును కూడా లెక్కలో వేసుకోవాలి.

పోయేటప్పుడు

పోయే రోజు సంగతి క్లుప్తంగానే చెప్పాలి. వాళ్లూ క్లుప్తంగానే చెబుతారు. హుస్నాబాద్ నుంచి సిద్దిపేట, అక్కడ రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట, ఔటర్ ఎక్కి శంషాబాద్. బండి నిండా అవ్వ, నాయిన, భార్య, పిల్లలు, బామ్మర్ది. తాడు కట్టి మార్కర్‌తో పేరు రాసిన కార్టన్లో కారంపొడి, పచ్చడి, సకినాలు. వచ్చేటప్పుడు అదే కార్టన్లో పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, సబ్బులు, దుప్పట్లు. టికెట్ లేనివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి ఏడుపులన్నీ గేటు బయటే. "పైలం బిడ్డా, చేరంగనే ఫోన్ చెయ్యి" అని అవ్వ అంటే "సరే అవ్వా" అని వెనక్కి చూడకుండా నడుస్తాడు.

చాలా విమానాలు రాత్రివే. కిటికీ సీటు దొరికినా కనిపించేది చీకటి. నేను గమనించినంతలో పోయేటప్పుడు కిటికీ సీటు వచ్చిన మనవాళ్లు కూడా తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకుంటారు. గాలిలోకి లేచేటప్పుడు కిటికీ తెర ఎత్తమని సిబ్బంది వచ్చి చెబుతారు. ప్రమాదం జరిగితే బయట మంటలున్నాయో లేదో లోపలివాళ్లకు తెలియాలి, చీకటికి కళ్లు అలవాటు పడి ఉండాలి. అందుకే ఆ నియమం, అందుకే రాత్రిపూట లోపలి దీపాలు తగ్గిస్తారు. కాబట్టి చూడదలుచుకోనివాడు కూడా ఊరి దీపాలు చూడక తప్పదు.

ఇంటికొచ్చే విమానం కింది అరలో ఒక్కోసారి మన మనిషే పెట్టెలో వస్తుంటాడు. పైన ఛుట్టీ మీద వచ్చేవాళ్లకు ఆ సంగతి తెలియదు. ఎండదెబ్బ, గుండెపోటు, పని చోట ప్రమాదం, అప్పు భారంతో ఆత్మహత్య. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. ఎన్నో ఏళ్ల డిమాండ్ అది. డబ్బు అందుతుంది సరే. వేసవిలో మధ్యాహ్నం ఎండలో పని ఆపే నియమం ఉన్న దేశాల్లో కూడా ఎండకే ఎందుకు చనిపోతున్నారో అడిగేవాళ్లు మనకు ఇంకా కావాలి.

సీటు సంగతి

ఇంత చెప్పాక ఉపయోగపడే మాటలు కొన్ని. వరసకు ఆరు సీట్ల చిన్న విమానాల్లో 'ఏ' అక్షరం ఎడమ కిటికీ, 'ఎఫ్' కుడి కిటికీ. పెద్ద విమానాల్లో కుడి కిటికీ అక్షరం ఎక్కువగా కె ఉంటుంది. గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు 'ఏ' అడగండి, పోయేటప్పుడు ఎఫ్ లేదా కె. ముందే ఎంచుకుంటే కొన్ని కంపెనీలు డబ్బు తీసుకుంటాయి. కౌంటర్ దగ్గర నోరు తెరిచి అడిగితే చాలాసార్లు ఉత్తగానే ఇస్తారు. అడగడానికి మనవాళ్లకు మొహమాటం. రెక్క మీద వరసలు వద్దు, కింద నేలకు బదులు రేకు కనిపిస్తుంది. బోయింగ్ 737 విమానాల్లో రెక్కకు ముందు ఒకచోట కిటికీ సీటుకు కిటికీయే ఉండదు. గోడలోంచి ఏసీ గాలి గొట్టం పోతుంది కాబట్టి అక్కడ గోడ మూసేస్తారు.

కిటికీ అడుగున చిన్న రంధ్రం చూసి భయపడే కొత్తవాళ్లకు ఒక మాట. అది పగులు కాదు. కిటికీకి పలకలు మూడు. బయటి పలక గాలి ఒత్తిడి మోస్తుంది. నడిమి పలకలో ఆ రంధ్రం పెట్టేది ఒత్తిడి బయటి పలక మీదే పడేటట్టు, మంచు పట్టకుండా ఉండేటట్టు. లోపలిది మన గోళ్లకు, తలలకు అడ్డం. కిటికీ మూలలు గుండ్రంగా ఉండడానికీ కథ ఉంది. 1954లో బ్రిటన్ తయారుచేసిన కామెట్ విమానాలు రెండు గాలిలో ముక్కలయ్యాయి. నలుచదరపు రంధ్రాల మూలల దగ్గర లోహం అలసి పగులు పట్టిందని పరిశోధనలో తేలింది. అప్పటి నుంచి విమానం కిటికీలకు కోసుగా మూలలు లేవు.

ఇక అడగవలసిన పెద్ద సంగతి ఒకటి ఉంది. ఉత్తర తెలంగాణ అంతటా రోజూ విమానం దిగే ఊరు ఒక్కటీ లేదు. గల్ఫ్‌కు ఇంతమందిని పంపిన నేల ఇది. వరంగల్ పక్కన మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం దశాబ్దాలుగా మూలుగుతోంది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల మరొకటి ఉండకూడదన్న ఒప్పందపు షరతు ఇన్నాళ్లూ అడ్డు పడింది. అది తొలగి 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. హుస్నాబాద్ నుంచి మామునూరు శంషాబాద్ దారిలో సగం కూడా ఉండదు. మామునూరు నుంచి దుబాయికి గీత గీస్తే అది హుస్నాబాద్ పక్కనుంచే పోతుంది. విమానం ఇంకా ఎత్తు అందుకోకముందే ఎల్లమ్మ చెరువు కుడి కిటికీలో కనిపిస్తుంది.

ఆ రన్‌వేను ఢిల్లీ, ముంబై వ్యాపారుల కోసమే కడితే మనకు ఒరిగేదేమీ లేదు. ఇమిగ్రేషన్, కస్టమ్స్ గదులు మొదటి ప్లానులోనే ఉండాలి. దుబాయి, దోహా, దమ్మాం, మస్కట్‌లకు వారానికి కొన్ని విమానాలైనా మొదటి ఏడాదిలోనే వేయాలి. కరీంనగర్, వరంగల్, సిద్దిపేట ప్రజాప్రతినిధులు ఈ డిమాండును టెర్మినల్ పునాది తీయకముందే కేంద్రం ముందు పెట్టాలి. కట్టడం పూర్తయ్యాక అడిగితే చోటు లేదంటారు.